బర్రెవీపు కదిలిన రోజు

పెళ్లికొడుకు వేషంలో ఉన్న పల్కిత్‌ను చూసి గుమ్‌ఠే ఊరి ఆడవాళ్లు పొద్దున్నించీ నవ్వుతూనే ఉన్నారు. తమ్ముడి ఊలు అంగరఖా ఆమెకు భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది గానీ నడుము దగ్గర బిగుసుకుపోయి ఊపిరి ఆడనివ్వడం లేదు. తలమీద పచ్చ మఖమల్ అంచున్న గుండ్రటి టోపీ. చేతిలో తెల్లటి పట్టుగుడ్డ చుట్టిన బాణం.

హిమాలయాల్లోని లాహౌల్‌లో ఇది వింత కాదు. పెళ్లికొడుకు రాలేకపోతే అతని అక్కో చెల్లెలో బాణం పట్టుకుని వెళ్లి పిల్లను తెచ్చుకుంటుంది. పల్కిత్ తమ్ముడు నంగ్యాల్ రోడ్ల మీద మంచు తోసే యంత్రం నడుపుతాడు. సెలవు దొరికింది గానీ మూడురోజులు ఆగకుండా మంచు కురిసి కనుమ మూసుకుపోయింది, అతను అవతలే ఉండిపోయాడు. లామా పెట్టిన ముహూర్తం మాత్రం ఆగదు కదా.

"మీసాలేవీ పెళ్లికొడకా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"గొరిగించుకొచ్చానమ్మా, మీ పిల్లకి గుచ్చుకుంటాయని," అంది పల్కిత్.

ఇల్లంతా ఘొల్లుమంది. ముసుగు కింద పెళ్లికూతురి భుజాలు కూడా కదిలాయి. అది నవ్వో ఏడుపో పల్కిత్‌కు తెలియలేదు.

పల్కిత్‌కు ముప్పయ్యారేళ్లు. పెళ్లి చేసుకోలేదు. వేసవిలో బంగాళాదుంపల లారీల దగ్గర నిలబడి బేరాలాడే మనిషి. ఆమె గొంతు నది ఇవతలి నుంచి అవతలికి వినిపిస్తుందని సొంతూరు ల్యోర్‌లో చెప్పుకుంటారు. చీకటి పడకముందే కోడలిని గుమ్మంలో నిలబెడతానని తల్లికి మాటిచ్చి వచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే తెల్లారేసరికే బయల్దేరాలి. కానీ ఆడపిల్లవారు అంత తేలిగ్గా వదులుతారా! గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు, పాటకు పాట పాడితే గానీ విప్పమన్నారు. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో గిన్నె బార్లీ కల్లు పట్టుకొచ్చారు. వద్దంటే అలిగారు. అందరినీ వదిలించుకుని ఊరు దాటేసరికి ఎండ కొండ మీదినుంచి బాటలోకి దిగిపోయింది.

నలుగురే బయల్దేరారు. మంచు కాస్త గట్టిపడ్డాక, అంటే రెండురోజుల తర్వాత, మిగతా చుట్టాలు వస్తారు. ముందు పెళ్లికూతురి మేనమామ తండుప్, వీపున ఆమె పెట్టె. ఆయన వెనక ల్యోర్ నుంచి పల్కిత్‌తో వచ్చిన డోలు వాయించే షిబ్బూ. తర్వాత పెళ్లికూతురు యంజోమ్. చివర బాణం పట్టుకుని పల్కిత్.

"అల్లుడుగారూ, జారతారేమో, జాగ్రత్త," అన్నాడు తండుప్ వెనక్కి తిరక్కుండానే.

"మామగారు ముందు పడితే ఆయన మీద పడతాన్లెండి. మెత్తగా ఉంటుంది."

షిబ్బూ కిసుక్కుమని నవ్వి డోలు మీద చిన్న దరువేశాడు. తండుప్ గిరుక్కున తిరిగాడు. "ఒరే, ఆ చెయ్యి జేబులో పెట్టుకో. ముసలమ్మ దాటేదాకా దాని చప్పుడు వినపడిందంటే డోలు నదిలో పారేస్తా."

ముసలమ్మ అంటే మనిషి కాదు. బాటను అడ్డంగా కోసుకుంటూ పైనుంచి నదిదాకా దిగే నిటారు గాడి. ఏటా దాంట్లోంచి మంచుచరియ దిగుతుంది. మాఘంలో ఎవరు ఎవరికి ఎదురుపడినా అడిగే మొదటి మాట "ముసలమ్మ వచ్చెళ్లిందా?" అనే. వచ్చెళ్లిందంటే హాయిగా దాటొచ్చు. రాలేదంటే పైకి చూస్తూ, నోరు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరుగా దాటాలి. ఈ ఏడు ఇంకా రాలేదు.

ముసలమ్మకు ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున బర్రెవీపు కొండ. పడుకున్న జడలబర్రె వీపులా గుండ్రంగా, మెత్తగా, ఎవరికీ ఏ హానీ చెయ్యనట్టు ఉంటుంది. దాని ఒడిలో ధూపపు చెట్ల తోపు. ముగ్గురు చేతులు కలిపినా అందనంత లావు మొదళ్లు. లోయలో ప్రతి ఇంట్లో పొద్దున్నే పొగ వేసే ఆకు ఆ చెట్లదే. నది మీద కాలివంతెన దాటగానే పెళ్లివాళ్లు ఆ తోపులో ఆగి, ఓ కొమ్మకు గుడ్డపేలిక కట్టి, దణ్ణం పెట్టుకుని ల్యోర్‌కు వెళ్తారు. పల్కిత్ తల్లి కూడా అలాగే వచ్చింది, నాయనమ్మ కూడా.

గాడికి కాస్త ఇవతల, చదునుగా ఉన్నచోట, షిబ్బూ అడుగు వేశాడు. కాళ్లకింద "హుఁప్" అంది. పెద్ద చప్పుడేం కాదు. ఎవరో బరువైన మనిషి పరుపు మీద కూలబడ్డట్టుంది. చుట్టూ ఉన్న మంచంతా ఒక్కసారిగా బొటనవేలంత కిందికి దిగింది. అతని బూటు దగ్గర మొదలైన బీట సన్నగా, వంకరగా, పాములా పరిగెత్తుకుంటూ పోయింది.

నలుగురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"నేనేం చెయ్యలేదు," అన్నాడు షిబ్బూ గుసగుసగా.

తండుప్ పెట్టె దించి, నడుముకు కట్టుకున్న పొట్టి పారతో మంచు తవ్వాడు. పైన రెండు జానల మందాన కొత్త మంచు, గాలికి దట్టించుకుపోయి చెక్కపలకలా ఉంది. దాని కింద పాత మంచు. పుష్యమాసమంతా ఒక్క రేకు కురవకుండా కొరికే చలి పట్టిందేమో, ఆ పాత మంచు ముతక ఉప్పులా గింజలు గింజలుగా మారిపోయింది. ఆయన గుప్పెడు తీసి చూపించాడు. వేళ్ల సందుల్లోంచి జలజలా జారిపోయింది. ముద్ద కట్టే ప్రసక్తే లేదు.

"చూశారా అల్లుడుగారూ, ఉప్పురాశి మీద తలుపు పడుకోబెట్టినట్టుంది. పైన ఎండ కొడుతోంది. ఇప్పుడు ముసలమ్మ ఒళ్లో కాలు పెడితే మనల్ని ఎత్తుకుని పోతుంది. ఎండ తప్పుకోవాలి. నీడ పడి మళ్లీ బిగుసుకున్నాకే మనం దాటేది."

"అంటే ఎప్పటికి?"

"మధ్యాహ్నం తిరగాలి."

"మామయ్యా! అక్కడ మా అమ్మ ఊరందరికీ వండి కూచుంది. తోపులో ఆగాలి, దణ్ణం పెట్టుకోవాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఇదుగో, ఈ కాస్త గాడీ పది అంగల్లో దాటేస్తాం!"

"నువ్వు దాటేస్తావు. నా మేనకోడలు దాటుతుందో లేదో నాకు తెలియాలిగా."

"నీ మేనకోడల్ని బుజాన వేసుకుని దాటిస్తా."

అప్పుడు ముసుగు కిందనుంచి మొదటిసారి గొంతు వినిపించింది. "నన్నెవరూ మొయ్యక్కర్లేదు వదినా. నేను ఆగుతాను."

పొద్దున్నించీ మాట్లాడని పిల్ల, మాట్లాడిన మొదటి మాటే ఎదురుమాట! పల్కిత్‌కు లోపల చుర్రుమంది.

వెనక్కి కాస్త దూరంలో బండకు ఆనుకుని గొర్రెలకాపరుల రాతిగుడిసె ఉంది. అందులో చేరారు. షిబ్బూ పుల్లలు వెతికి మంట రాజేశాడు. తండుప్ వెన్నటీ కాచి, పెళ్లివారు కట్టిచ్చిన నేతిరొట్టెలు విప్పాడు. కడుపులో వేడి పడ్డాక ఆయన, షిబ్బూ గోడకు చేరగిలబడి గుర్రుపెట్టారు. పల్కిత్ గుమ్మంలో కూర్చుని సూర్యుణ్ణి తిట్టుకుంటోంది.

యంజోమ్ ముసుగు వెనక్కి తోసుకుని వచ్చి పక్కన కూర్చుంది. గుండ్రటి మొహం, చలికి పగిలిన బుగ్గలు. "కోపమొచ్చిందా వదినా?"

"నాకెందుకు కోపం? నేను పెళ్లికొడుకుని. పెళ్లాం చెప్పినట్టు వింటున్నాను."

యంజోమ్ పకపకా నవ్వింది. "మీ తమ్ముడు కూడా ఇలాగే వింటాడా?"

"వాడా? వాడు యంత్రం చెప్పినట్టు వింటాడు. నువ్వు మంచు తొయ్యమని చెప్పు, వింటాడు." కాస్త ఆగి, బేరాల గొంతు పక్కన పెట్టి అడిగింది. "నీకిష్టమేనా? ఇప్పుడడిగితే ఏం లాభంలే గానీ."

"ఇష్టం లేకపోతే తాడు విప్పనిచ్చేదాన్నా?" అంది యంజోమ్. కొంచెంసేపు గాడి వైపే చూసింది. "మా నాన్నని ముసలమ్మే తీసుకుపోయింది. నాకప్పుడు ఆరేళ్లు. చైత్రంలో కరిగాక దొరికాడు. అందుకే ఆగుతానన్నాను. మిమ్మల్ని ఎదిరించాలని కాదు."

పల్కిత్ తన చేతిలోని రొట్టెముక్క విరిచి సగం ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఇద్దరూ నెమ్మదిగా నమిలారు. కింద ఎక్కడో నది మంచుగడ్డల మధ్య గొణుక్కుంటూ పోతోంది. ఆ చప్పుడు పుట్టినప్పటినుంచీ వింటున్నదే, చెవి పట్టించుకోదు.

ఎండ ముసలమ్మ మీదినుంచి మెల్లగా జరిగింది. గాడంతా నీలం రంగు నీడ పరుచుకుంది. ఎండ ఎక్కడికి పోయిందో ఎవరూ చూడలేదు. ఎవరైనా ఎందుకు చూస్తారు? అది నది దాటి, అవతల బర్రెవీపు మీదికి ఎక్కి, అక్కడ స్థిరపడి కూర్చుంది.

తండుప్ లేచి వెళ్లి మంచును మడమతో తొక్కి చూశాడు. కిర్రుమంది. "పదండి. ఒకరు దాటి అవతలి బండ దగ్గరికి చేరాకే ఇంకొకరు. పరిగెత్తొద్దు. మాట్లాడొద్దు. అల్లుడుగారూ, ముఖ్యంగా మీరు."

ముందు ఆయన దాటాడు. తర్వాత షిబ్బూ, డోలును పసిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు హత్తుకుని. తర్వాత యంజోమ్. ఆ పిల్ల నడక చూసి పల్కిత్ ఆశ్చర్యపోయింది. అడుగు పెట్టినచోట మంచుకు నొప్పి తగలకూడదన్నట్టు నడిచింది.

ఆఖరున పల్కిత్ గాడిలోకి దిగింది. పైకి చూడొద్దనుకుంటూనే పైకి చూసింది. ఎంతో ఎత్తున, ముసలమ్మ నెత్తిన, గాలి దట్టించిన మంచు బరువుగా వేలాడుతోంది. చూపు దించుకుని నడిచింది. గాడి మధ్యకు వచ్చింది. ఊపిరి పీల్చుకుందామని ఆగి, అవతలి కొండ వైపు మొహం తిప్పింది.

బర్రెవీపు మీద ఒక గీత కనిపించింది.

సన్నటి నీలం గీత. కొండ ఈ భుజం నుంచి ఆ భుజం దాకా ఎవరో గోటితో గీసినట్టు. అంతకుముందు అది లేదు. చప్పుడు కూడా లేదు. ఇదేమిటా అని పల్కిత్ అనుకునేలోగా, ఆ గీత కింద ఉన్న కొండంతా, పక్కమీది దుప్పటి జారినట్టు, ముడతలు పడుతూ కిందికి కదిలింది. ముడతలు పగిలాయి. ఒక్కో పెళ్ల ఒక్కో పొలమంత ఉంది. పెళ్లలు ఒకదాన్నొకటి గుద్దుకుని, పొడై, పొగై, ఆ పొగ లేచి, ఎండలో బంగారంలా మెరుస్తూ పెరిగింది. అప్పుడొచ్చింది మోత. చెవికి కాదు, ముందు పాదాలకు వచ్చింది, తర్వాత కడుపులోకి, పళ్లలోకి.

ధూపపు చెట్ల తోపు ఒక్క క్షణం ఆ తెల్లదనానికి ఎదురుగా నల్లగా నిలబడింది. తర్వాత చెట్లన్నీ కలిసి ఒకేసారి ముందుకు వంగాయి. అంతే, మళ్లీ లేవలేదు.

పరిగెత్తాలని పల్కిత్‌కు తోచలేదు. కాళ్లున్నాయన్న సంగతే మరిచిపోయింది. నోరు తెరిచి చూస్తూ నిలబడింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్న కొండ, పడుకునే ఉందనుకున్న కొండ, లేచి నడిచి వస్తోంది. అది నదిలోకి దిగింది. ఆగుతుందనుకుంది. ఆగలేదు. వంతెన ఉన్నచోట ఒక్కసారి ఎగిసి, నది దాటి, ఇవతలి ఒడ్డెక్కి, తనవైపే పైకి రావడం మొదలెట్టింది. మంచు కొండెక్కుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"వదినా!"

"వద్దే! వెనక్కి రా!" అని తండుప్ అరుపు.

యంజోమ్ గాడిలోకి తిరిగి పరిగెత్తుకొచ్చింది. మెత్తగా నడిచిన ఆ కాళ్లే ఇప్పుడు మంచును ఎగజిమ్ముతున్నాయి. పల్కిత్ నడుము పట్టుకుని ఒక్క గుంజు గుంజి, గాడి మధ్యలో మంచులోంచి తల బయటపెట్టిన బండ వెనక్కి తోసి, తను మీద పడింది. "నోరు మూసుకో వదినా! ముక్కు చేత్తో మూసుకో!"

గాలి కొట్టింది. గాలి అనడానికి లేదు, గోడ అనాలి. టోపీ ఎగిరిపోయింది. వెలుతురు పోయింది. చెవులు దిబ్బెళ్లు పడ్డాయి. పిండిలాంటి మంచు కళ్లలోకి, మెడలోకి, చొక్కాలోకి, మూసిన వేళ్ల సందుల్లోంచి నోట్లోకి దూరింది. పల్కిత్ వీపుమీద ఆ పిల్ల గుండె దడదడా కొట్టుకోవడం తెలుస్తోంది. పైన ముసలమ్మ వేలాడుతోంది. ఈ ఊపుకు అది కూడా కదిలితే, ఇక చైత్రంలోనే. పల్కిత్ దేవుళ్లనెవరినీ తలుచుకోలేదు. 'ఈ పిల్లని కాదు' అని ఒక్కటే అనుకుంది, మళ్లీ మళ్లీ.

గాలి ఆగింది. మెల్లగా వెలుతురు వచ్చింది. గాల్లో సన్నటి మంచురవ్వ మెరుస్తూ, తీరుబడిగా, ఏమీ జరగనట్టు దిగుతోంది. ముసలమ్మ కదల్లేదు.

ఇద్దరూ తలలెత్తారు. పిండిబస్తాలో పడి లేచినట్టున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ నవ్వు రాలేదు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని, తండుప్ చెప్పినట్టే, పరిగెత్తకుండా, మాట్లాడకుండా అవతలి బండ చేరారు. బాణం ఇంకా పల్కిత్ పిడికిట్లోనే ఉంది. వేళ్లు విప్పడానికి షిబ్బూ సాయం చేయాల్సొచ్చింది. అతని కళ్లలోంచి నీళ్లు కారి బుగ్గల మీద గడ్డకట్టాయి.

తండుప్ టోపీ తీసి చంకలో పెట్టుకుని బర్రెవీపు వైపు నిలబడ్డాడు. కొండ అడుగుదాకా ఖాళీ అయిపోయింది. తెల్లటి లోయలో అదొక్కటే నల్లగా, తడిగా, ఒలిచిన మేక తోలులా ఉంది. మట్టిలోంచి ఆవిరి లేస్తోంది.

"మా తాత తాత కూడా చూసుండడు," అన్నాడు చివరికి.

"పొద్దున నేనన్నట్టు దాటుంటే..." అంది పల్కిత్. పొద్దున దాటుంటే నలుగురూ తోపులో కొమ్మకు పేలిక కడుతూ ఉండేవాళ్లేమో. లేక ఇల్లు చేరి ఉండేవాళ్లేమో.

"నా గొప్పేం లేదమ్మా," అన్నాడు తండుప్. పరిహాసం పోయింది, 'అల్లుడుగారూ' అన్న పిలుపూ పోయింది. "నేను ముసలమ్మనే చూస్తూ కూచున్నాను. ఎండ అటెళ్లిందని నా బుర్రకు తట్టనే లేదు."

అప్పుడు యంజోమ్ తల పక్కకు వంచింది. "మామయ్యా, విను."

విన్నారు. ఏమీ వినపడలేదు. ఎందుకు వినపడటం లేదో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నది ఆగిపోయింది. కింద లోయకు అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, ఇంటికప్పుల మీద ఇంటికప్పులు పేర్చినంత ఎత్తున మంచు పడుకుని ఉంది. దానికి ఎగువన నీళ్లు అప్పుడే గుంటకట్టి, మెల్లగా వెడల్పవుతున్నాయి.

పల్కిత్ అంగరఖా లోపలినుంచి ఫోను తీసింది. ఆ బండ దగ్గర ఒక గీత సిగ్నలు అప్పుడప్పుడు వస్తుంది. వచ్చింది.

"ఎక్కడ చచ్చావే? కూరలన్నీ..." అని మొదలెట్టింది తల్లి.

"అమ్మా, ముందు విను. బర్రెవీపు దిగింది. నది ఆగిపోయింది. అడ్డం తెగిందంటే నీళ్లన్నీ దిగువన మన ఊరిమీదికే. గట్టు కింద ఎవరూ ఉండొద్దు. నీటిమర దగ్గర ఎవరున్నా పైకి రమ్మను. పశువుల్ని పైకి తోలమను. ఇప్పుడే."

"బర్రెవీపు దిగడమేంటే? నది ఆగడమేంటి? మధ్యాహ్నమే తాగావా?"

"అమ్మా. ఫోను పట్టుకుని వాకిట్లోకెళ్లు. వెళ్లి విను."

తలుపు కిర్రుమనడం వినిపించింది. అడుగులు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తల్లి ఊపిరి మాత్రం వినపడుతోంది. నలభయ్యేళ్లుగా ఆ వాకిట్లో ఆ నది చప్పుడు మధ్యే ఆవిడ బతికింది.

"తల్లీ," అంది గుసగుసగా, గుళ్లో మాట్లాడినట్టు. "మన ఊరు చచ్చిపోయినట్టుందే."

"ఊరు బతికే ఉంది. అరువమ్మా. నా గొంతు నీదేగా."

ఫోను పెట్టకముందే ఆవిడ అరుపు మొదలైంది.

ఇక వెనక్కి వెళ్లాలంటే మళ్లీ ముసలమ్మను దాటాలి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. తండుప్ పారతో ముందు నడిచి, కింద కుప్ప అంచున ఒక గట్టి దెబ్బ వేశాడు. ఖంగుమంది. అంత పొగలా, అంత మెత్తగా ఎగిరిన మంచు, ఆగిన వెంటనే రాయిలా బిగుసుకుపోయింది. "ఇది గట్టిగానే ఉంది. అవతలి కొండమీద ఇక పడటానికేం మిగల్లేదు. నీళ్లు పైకెక్కడానికి టైం పడుతుంది. దాటేద్దాం."

వంతెన ఉన్నచోటే, వంతెనకు ఎంతో ఎత్తున, నది మీద నడిచారు.

పల్కిత్ ఆ నడకను తర్వాత ఎప్పుడు చెప్పబోయినా సరిగ్గా చెప్పలేకపోయింది. పెళ్లలు ఒక్కోటి గదంత. వాటి మధ్య నీలంగా, లోతుగా, లోపల ఎవరో దీపం పెట్టినట్టు వెలుగు. అక్కడక్కడ మంచులోంచి పొడుచుకొచ్చిన చెట్ల వేళ్లు, తెల్లగా విరిగిన కొమ్మలు, ఎన్ని తరాలవో తెలియని మొదళ్లు అగ్గిపుల్లల్లా రెండుగా. ఎవరి పెళ్లికో కట్టిన గుడ్డపేలిక ఒకటి, రంగు ఇంకా పోలేదు. అన్నిటికంటే వాసన. వందల చెట్లు నలిగి, మంట లేకుండా, పొగ లేకుండా, లోయంతా పెద్దపూజ రోజు మఠంలా గుమ్మున ధూపపు వాసన వేస్తోంది. నలుగురికీ ఊపిరి గట్టిగా తీసుకోవాలంటే భయం, తీసుకోకుండా ఉండాలంటే ఆశ.

షిబ్బూ ఒక మొదలు దగ్గర ఆగి చేత్తో నిమిరాడు. ఎవరూ అతణ్ణి తొందరపెట్టలేదు. యంజోమ్ వంగి ఒక రెమ్మ తుంచి, టోపీ లేని పల్కిత్ జుట్టులో గుచ్చింది. "పెళ్లికొడుకు బోడితలతో ఇంటికెళ్లకూడదు," అంది.

కుప్ప దాటి, నల్లటి తడిమట్టి మీద కాలు పెట్టారు. మాఘమాసంలో కాలికి మట్టి తగలడం ఎవరికీ గుర్తులేదు. అక్కడ నిలబడ్డప్పుడు కిందనుంచి, మంచు లోపలినుంచి, గొంతులో నీళ్లు పుక్కిలించినట్టు చప్పుడు మొదలైంది. నది దారి వెతుక్కుంటోంది.

"నడవండి," అన్నాడు తండుప్. ఈసారి పరిగెత్తొద్దని అనలేదు.

ల్యోర్ చేరేసరికి కింది వీధుల్లో ఒక్క మనిషి లేడు. ఊరంతా పైన బంగాళాదుంపల గోదాము ముందున్న చదునులో ఉంది. ఆవులు, గాడిదలు, పరుపులు, పసిపిల్లలు, మధ్యలో పెళ్లివంట గుండిగలు. పల్కిత్ తల్లి గరిటె పట్టుకునే ఉంది. అరిచి అరిచి ఆవిడ గొంతు పోయింది. కూతుర్ని చూసి, కూతుర్ని వదిలేసి, ముందు కోడలి మొహం రెండుచేతుల్లోకి తీసుకుంది. ఏదో అంది గానీ గాలి తప్ప మాట రాలేదు.

అప్పుడే నది వచ్చింది. ముందు చల్లటి గాలి, తర్వాత మోత, తర్వాత గోధుమరంగు నీళ్లు, మంచుగడ్డలు, నిలువునా దొర్లుతున్న ధూపపు చెట్లు. నీటిమర ఒక్క విరుపుతో పోయింది. గట్టుబాట పోయింది. కింది రెండు కొట్టాలు పోయాయి, అందులో అప్పటికి గడ్డి తప్ప ఏమీ లేదు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఊరంతా వరసగా నిలబడి చూసింది. ఒక్కరూ అరవలేదు. ఏడ్చే పసివాళ్లు కూడా ఎందుకో నోళ్లు మూశారు. చాలాసేపటికి నీళ్లు తగ్గి, పాత గొణుగుడుకు వచ్చాక, ఒక ముసలాయన "వచ్చేసింది" అన్నాడు, తప్పిపోయిన ఆవును చూసినట్టు. అందరూ ఊపిరి వదిలారు.

పెళ్లి గోదాములోనే జరిగింది. బస్తాల మీద దుప్పట్లు పరిచారు. లామా మంత్రాలు చదివాడు, పల్కిత్ తమ్ముడి తరఫున తలవంచింది. షిబ్బూ డోలు మీద చెయ్యి వేయడానికి మొదట భయపడ్డాడు. తండుప్ వచ్చి, "ఇప్పుడు వాయించరా, ఎంత కావాలంటే అంత," అన్నాక మొదలెట్టాడు, ఇక ఆపలేదు. కనుమ అవతలి నుంచి నంగ్యాల్ ఫోను చేస్తే ఆ డోలు మోతలో ఎవరికీ ఏమీ వినపడలేదు. "పెళ్లయింది, పడుకో!" అని పల్కిత్ అరిచి పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న ఆకాశం మళ్లీ మూసుకుంది. సన్నగా మంచు మొదలైంది. ఇంటికప్పు మీది మంచు తోయడానికి పల్కిత్, యంజోమ్ చెక్కపారలు పట్టుకుని పైకెక్కారు. అక్కడినుంచి బర్రెవీపు నల్లగా కనిపిస్తోంది. దానిమీద అప్పుడే తెల్లటి చుక్కలు పడుతున్నాయి. ఇద్దరూ పారలు ఆనించి చూస్తూ నిలబడ్డారు.

"నిన్నటినుంచీ అందరూ అడుగుతున్నారు, భయమేసిందా అని," అంది పల్కిత్. ఆమె గొంతు అంత తగ్గించి మాట్లాడటం ఆ ఇంటి కప్పు ఎప్పుడూ వినలేదు. "వేసిందనే చెప్పాను. వేసింది కూడా, తర్వాత. కానీ ముందు... మర పోయింది, చెట్లన్నీ పోయాయి, నువ్వు చచ్చేదానివి. ఈ మాట ఎవరితో అనను. ముందు నాకు భయం వెయ్యలేదు. అంత పెద్దది అలా లేచి వస్తుంటే, ఇంకా చూడాలనిపించింది. నువ్వు లాగకపోతే చూస్తూనే ఉండేదాన్ని."

మంచురేకులు యంజోమ్ కనురెప్పల మీద వాలి కరిగాయి.

"నేను బండ మీదినుంచి తల తిప్పి చూశాను వదినా. నోరు మూసుకోమని నీకు చెప్పానుగా, నేను మాత్రం కళ్లు మూసుకోలేదు."

కిందనుంచి అత్తగారు పోయిన గొంతుతోనే ఏదో కేకేసింది, కప్పు మీద చేరి కబుర్లేమిటని కాబోలు. ఇద్దరూ పారలెత్తి, కొత్త మంచును అంచుదాకా తోసి, వీధిలోకి విసిరారు. అది మెత్తగా, తేలికగా, పొడిలా చెదిరి పడింది.